ఏడాది నాలుగు నెలలు

మొన్నొక ఆదివారం కొండాపూర్‌లో ఒక తండ్రి మీద అరిచాను. అక్కడ ఒక అపార్ట్‌మెంట్ కోర్టులో వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. ఆయన కూతురు పొడగరి, పెద్ద పెద్ద చేతులు, ఆట మీద ఆకలున్న పిల్ల. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మేడం, స్కూల్లో మాట్లాడానండి. పాప డేట్ ఆఫ్ బర్త్ ఒక్క ఏడాది తగ్గించి రాస్తారట. అండర్ ఫోర్టీన్ ఇంకో సీజన్ ఆడొచ్చు కదా," అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. చేతిలో బంతిని నేలకేసి కొట్టి, "ఆ ఏడాది ఎవరి దగ్గర్నుంచి లాక్కొస్తారండీ?" అని కేకలేశాను. పిల్లలంతా ఆట ఆపి చూశారు. ఆయన బిత్తరపోయి, "అందరూ చేసేదేగా మేడం," అన్నాడు.

నిజమే, అందరూ చేసేదే. నాకూ అదే చేశారు. ఇంటికొచ్చాక కూడా ఆ కేక చెవుల్లో మోగుతూనే ఉంది. ఆ కేక ఆయన మీది కోపంతో వచ్చింది కాదని నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఇల్లు ప్రగతి నగర్‌లో, చెరువుకు రెండు వీధులు ఇవతల. నాన్న ఒక ప్రభుత్వాఫీసులో రికార్డు గది చూసుకునేవారు. అమ్మ మాదాపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ గుంటూరు వైపు. చిన్నప్పుడు నాకు జబ్బు చేసి బడిలో ఏడాది ఆలస్యంగా వేశారు. అంచేత తరగతిలో అందరికంటే ఏడాది పెద్దదాన్ని, అందరికంటే జానెడు ఎత్తు. ఎనిమిదో తరగతిలో పీఈటీ సారు నన్ను ప్రార్థన వరుసలోంచి చెయ్యి పట్టుకుని లాగి, సిమెంటు కోర్టులో రింగు కింద నిలబెట్టారు. అప్పట్నుంచి నేను ఫార్వర్డ్‌ని.

ఫార్వర్డ్ అంటే బుట్టలో బంతి వేసే మనిషి అనుకుంటారు. వేస్తాం, కానీ అసలు పని వేరు. ఎవరో వేసిన బంతి గురి తప్పి రింగుకు తగిలి బయటికి వస్తుంది. అది ఎక్కడ పడుతుందో ముందే చూసి, అక్కడ చోటు పట్టుకుని ఉండాలి. ఆ చోటు ఎవరూ ఇవ్వరు. వెనక నుంచి తోసుకొచ్చే మనిషిని నడుముతో, వీపుతో ఆపి ఉంచుకోవాలి. "గిట్ల బొమ్మ లెక్క నిలబడితే బాల్ నీ నెత్తి మీదికెల్లి పోతది బిడ్డా. ఎన్క ఉన్నదాన్ని నడుముతోటి ఆపు. దానికి చోటియ్యకు," అని సారు రోజూ అరిచేవారు. నాకు అది వెంటనే పట్టుబడింది. మొండితనం పుట్టుకతోనే ఉంది, ఒళ్లు కూడా దానికి తోడైంది.

పదో తరగతిలో రాష్ట్ర జట్టు సెలక్షన్లు వచ్చాయి, పదహారేళ్లలోపు అమ్మాయిలకు. నాకు ఆ జూన్‌లోనే పదహారు నిండాయి. ఒక సాయంత్రం పీఈటీ సారు మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన టీ పట్టుకుని నాన్న ఎదురుగా కూర్చున్నారు.

"సార్, గీ ఏడాది పిల్ల స్టేట్ ఆడితే కాలేజీల సీటు పక్కా. పదో తరగతి లిస్టు బోర్డుకు ఇంకా పంపలే. అడ్మిషన్ కాడ మీరు సర్టిఫికెట్ ఏం ఇయ్యలే, నోటితోటి చెప్పిందే రాసిన్రు. పుట్టిన మరుసటేడు అక్టోబర్ ఏద్దాం. ఏడాది నాలుగు నెలలు తగ్గుతది. ఫికర్ చెయ్యకుండ్రి, అందరు చేసేదే."

అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "అదేంటండీ సారూ! చర్చి పుస్తకంలో బాప్తిస్మం రోజున పిల్ల పుట్టిన తేదీ రాశారండి. దాన్నేం చేస్తారు?" అంది.

"అమ్మా, సెలక్షన్లకు మీ పాస్టరు రాడమ్మా," అని సారు నవ్వారు.

ఆయన వెళ్లాక నాన్న అమ్మతో, "ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నాను. మనిషి ఎదురుగా వచ్చి నిలబడి బతికే ఉన్నానన్నా, కాగితం చచ్చాడంటే చచ్చినట్టే. ఆ కాగితమేదో మన పిల్ల వైపు ఉండనీ," అన్నారు. మర్నాడు బడికెళ్లి సంతకం పెట్టి వచ్చారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా సరేననేదాన్ని, ఆ మాట దాచను. నాకు రాష్ట్ర జెర్సీ కావాలి, అది ఏ దారిన వచ్చినా సరే.

నవంబరులో సెలక్షన్లు రెండు రోజులు జరిగాయి. పన్నెండు మందిని తీసుకుంటారు. రెండు రోజులూ నాకు ఎదురుగా ఒకే అమ్మాయిని నిలబెట్టారు. బాలానగర్ నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల నాన్న అక్కడ ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆమె కూడా ఫార్వర్డే. సన్నగా, వెదురు బద్దలా ఉండేది. నాకంటే వేగం, నాకంటే చక్కటి గురి. కానీ రింగు కింద నేను నడుము అడ్డం పెడితే కదిలించలేకపోయేది. తోస్తుంది, జారిపోతుంది, లేస్తుంది, మళ్లీ తోస్తుంది. రెండో రోజు సాయంత్రానికి ఆమె మోచేతులు రెండూ గీరుకుపోయాయి.

పేర్లు చదివారు. నాది పన్నెండోది. ఆమె పేరు రాలేదు. ఆమె పదమూడోదని ఎవరో అంటుంటే విన్నాను. నేను బూట్లు విప్పుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీకు ఎన్నేండ్లు?"

"పదిహేను."

"ఏ నెల?"

"అక్టోబరు."

"నాది జూన్. నాకంటె నాలుగు నెలలు చిన్నదానివి నువ్వు," అని నా భుజాల వంక, పిక్కల వంక తేరిపార చూసింది. "అబ్బ," అని వెళ్లిపోయింది. బడిలో అబద్ధం రాసింది పెద్దవాళ్లు. నోటితో మొదటిసారి చెప్పింది నేను, చెప్పింది ఆమెకు.

ఆ ఏడాది రాష్ట్రం తరఫున ఆడాను. పదో తరగతి మెమోలో అక్టోబరే అచ్చయింది. తర్వాత దాన్ని చూపించి ఆధార్ కూడా మార్పించాం. నాన్న చెప్పినట్టు కాగితాలన్నీ ఒక మాట మీదికి వచ్చాయి. ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగ్ సీటు దొరికింది. మొదటి రోజు పొద్దున ఐదున్నరకు కోర్టుకు వెళ్లేసరికి అక్కడ బంతి కొడుతూ ఆ బాలానగర్ అమ్మాయి. నన్ను చూడగానే, "ఏయ్ అక్టోబర్!" అని అరిచింది. ఆ రోజు నుంచి ఆమెకు నేను అక్టోబర్‌ని, నాకు ఆమె బాలానగర్.

ఆమె ఫార్వర్డ్ ఆట మానేసింది. గార్డ్ అయింది. గార్డ్ అంటే బంతిని కింది నుంచి తెచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసి ఇచ్చే మనిషి. ఎందుకు మారావంటే, "ఇడిసిన, నాకు అచ్చిరాలే," అంది. నేను మళ్లీ అడగలేదు. నాలుగేళ్లు ఆమె ఇచ్చింది, నేను వేశాను. యూనివర్సిటీ జట్టులో నా పేరు మోగిన ప్రతిసారీ ఆ బంతి ఆమె చేతిలోంచి వచ్చిందే. ఆటలో అలా కలిసిపోయిన మనిషితో స్నేహం కలవకుండా ఉండదు. వాళ్లమ్మ చేసిన సర్వపిండి నాకోసం డబ్బాలో తెచ్చేది. రిఫరీతో నేను గొడవకు దిగితే నడుం పట్టుకుని వెనక్కి లాగేది. "నాలుగు నెలలు పెద్దదాన్ని, జర ఇజ్జతియ్యి, అక్కా అను," అని ఆటపట్టించేది. నేను అక్కా అనేదాన్ని. నాకంటే ఏడాది చిన్న పిల్లను.

ప్రతి అక్టోబరులో నాకోసం కేకు తెచ్చి కోర్టు మధ్యలో కోయించేది. ముఖమంతా పూసేది. కడుక్కునేటప్పుడు అద్దంలోకి చూసేదాన్ని కాదు. ఒక జూన్‌లో ఆమె అనుకోకుండా ఇంటికొచ్చింది. ఆ రోజు నా అసలు పుట్టినరోజు. అమ్మ సేమ్యా పాయసం, పలావు చేసి, ప్రార్థన ముగించి అప్పుడే లేచింది.

"ఆంటీ, ఏంది విశేషం?" అంది ఆమె వాసన పీలుస్తూ.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను గోడకు ఆనుకుని అమ్మ మొహం వంక చూస్తున్నాను. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పదేమోనని నాకు భయం వేసింది. "ఏం లేదమ్మా. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాం, అంతే. కూర్చో, తిందువుగాని," అంది. ఆమె రెండు గిన్నెలు తాగింది. నేను ఒక్క చెంచా మింగలేకపోయాను. ఆమె వెళ్లాక అమ్మ, "ఆ పిల్లకైనా చెప్పవే," అంది. "ఇప్పుడా? ఏమని చెప్పమంటావ్?" అని అమ్మ మీదే విరుచుకుపడ్డాను. నాకు అపరాధం అనిపించినప్పుడల్లా కోపమే ముందు వస్తుంది.

ఇంజనీరింగ్ అయిపోయిన జూలైలో, అమ్మాయిలకు ఒక ప్రైవేటు లీగ్ మొదలవుతోందని తెలిసింది. హైదరాబాద్ జట్టును ఒక ఐటీ కంపెనీ యజమాని కొన్నాడు. మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు మూడో అంతస్తులో చెక్క నేల వేసిన కోర్టు, ఏసీ, అద్దంలోంచి కింద బారులు తీరిన క్యాబులు. మేమిద్దరం మెట్రో దిగి నడిచొచ్చి ఆ నేల మీద బూట్లు కిర్రుమనిపించి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆడితే జీతమిస్తారు! సిమెంటు మీద మోకాళ్లు చీల్చుకున్నవాళ్లకు అది నమ్మశక్యం కాలేదు.

జట్టులో పన్నెండు చోట్లు. పది ఏ వయసువాళ్లకైనా. రెండు మాత్రం కొత్తవాళ్లకు: జూలై ఒకటో తేదీకి ఇరవై మూడు నిండకూడదు. ట్రయల్స్ చివరికి వచ్చేసరికి పదకొండు నిండిపోయాయి. మిగిలింది ఆ వయసు చోట్లలో ఒకటి. మిగిలిన మనుషులం నేను, ఆమె. నాకు అసలు లెక్కలో అప్పటికి మూడు వారాల క్రితమే ఇరవై మూడు నిండాయి. ఆమెకు ఇరవై రెండు.

చివరి రోజు కోచ్ మేడం మమ్మల్ని చెరో జట్టులో వేసి పది నిమిషాల ఆట పెట్టింది. ఆవిడ విజయవాడ మనిషి, పాత క్రీడాకారిణి, విజిల్ తక్కువ ఊదుతుంది. తొమ్మిదో నిమిషం దాకా సమంగా ఉన్నాం. అప్పుడు ఆమె బంతి తీసుకుని మధ్యలోంచి దూసుకొచ్చింది. పక్కన ఖాళీగా ఉన్న మనిషికి ఇస్తుందనుకున్నాను, నాలుగేళ్లుగా అదే చేస్తోంది కాబట్టి. ఇవ్వలేదు. రింగు కింద ఎడమ పాదం మీద గిర్రున తిరిగి, వీపు నాకు ఆనించి, పైకి లేచింది. అది గార్డ్ ఆట కాదు. పదిహేనేళ్లప్పుడు ఆడిన ఆట. ఒక్క క్షణం నేను ఓడిపోయాను. తర్వాత నా నడుము దాని పని అది చేసింది. ఆమెను గాల్లోనే పక్కకు నెట్టి బంతిని కొట్టేశాను. ఆమె నేల మీద దబ్బున పడింది. విజిల్ వస్తుందని చూశాను. రాలేదు.

చెయ్యిచ్చి లేపాను. "గట్టిగనే ఆడినవ్ అక్టోబర్," అంది ఊపిరి అందక.

కోచ్ మేడం మా ఇద్దరినీ పిలిచి దాపరికం లేకుండా చెప్పింది. "చూడమ్మా, నువ్వు మంచి గార్డ్‌వి. కానీ గార్డులు నాకు నలుగురున్నారు. నాకు కావాల్సింది రింగు కింద నిలబడే మనిషి. నిన్ను ఈ నెలలో ఫార్వర్డ్‌గా తయారు చెయ్యలేను." ఆమె తలూపింది. సోమవారం పదకొండు గంటలకు సర్టిఫికెట్లతో రమ్మని నాకు చెప్పారు.

ఆదివారం చర్చిలో కూర్చున్నానే గానీ ఒక్క మాట చెవికెక్కలేదు. పదో తరగతిలో నన్నెవరూ అడగలేదని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆ సాకు లేదు. ఇంటికొచ్చి అమ్మ బీరువాలోంచి బాప్తిస్మం సర్టిఫికెట్ తీసి బ్యాగులో పెట్టుకున్నాను. అమ్మ చూసి బీరువా తలుపు మూసింది.

సోమవారం జట్టు మేనేజరు నా మెమో, ఆధార్ తీసుకుని కంప్యూటర్లో ఏదో కొడుతున్నాడు. "సార్, ఈ డేట్ తప్పు," అన్నాను.

"స్పెల్లింగ్ మిస్టేకా?"

"కాదు సార్. నాకు పోయిన నెలలో ఇరవై మూడు నిండాయి." బాప్తిస్మం కాగితం బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని చదివి, తిప్పి చూసి, రెండు వేళ్లతో నావైపు జరిపాడు. "ఇది మా చెక్‌లిస్ట్‌లో లేదమ్మా. మెమో, ఆధార్ మ్యాచ్ అయ్యాయి. సిస్టమ్ ఓకే అంది. ఇప్పుడు మీరు కొత్త ఇష్యూ తేవద్దు. నేనేమీ వినలేదు, సరేనా? ఇక్కడ సైన్ చెయ్యండి."

అప్పుడు నాకు కలిగింది సంతోషం. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నిజం చెప్పాను, వాళ్లే వద్దన్నారు, ఇక నా తప్పేముంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు సంతకం పెట్టేశాను. కిందికి దిగేసరికి గేటు బయట ఆమె రెండు కప్పుల టీ పట్టుకుని ఎదురుచూస్తోంది. టీ ఒలికిపోతున్నా లెక్కచేయకుండా నన్ను వాటేసుకుంది. "నువ్వు ఆడుతె నేను ఆడినట్టే గదనే," అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ సీజన్ బాగా ఆడాను. ఫ్లడ్‌లైట్లు, టీవీ కెమెరాలు, మైకులో నా పేరు. మైకు పట్టుకున్నాయన నేను కోర్టులోకి వచ్చినప్పుడల్లా, "జట్టులో అందరికంటే చిన్నది, ఇరవై ఒక్కేళ్ల ఫార్వర్డ్!" అని గొంతు చించుకునేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లలో "అక్టోబర్!" అని ఒక గొంతు విడిగా వినిపించేది. ఆమెకు అప్పటికి మాదాపూర్‌లోనే ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. షిఫ్టు అయిపోగానే ఐడీ కార్డు మెడలోనే వేలాడుతుండగా వచ్చి గ్యాలరీలో కూర్చునేది. ఆమె వచ్చిన రోజున నా చేతుల్లోంచి తేలిక బంతులు జారిపోయేవి.

అమ్మ ఒక్క మ్యాచ్‌కే వచ్చింది. రెండోదానికి రమ్మంటే, "నువ్వాడుతుంటే చూడాలనే ఉంటుందమ్మా. ఆ మైకులో నీ వయసు చెప్తుంటేనే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు," అంది. అమ్మ ఎన్నడూ నన్ను కొట్టలేదు. ఆ రోజు కొట్టినట్టే అయింది.

సీజన్ ముగిశాక, ఫిబ్రవరిలో, బాలానగర్‌ను ఆమె లంచ్ టైములో ఆఫీసు వెనకున్న టిఫిన్ సెంటర్ దగ్గర కలిసి మొత్తం చెప్పేశాను. పీఈటీ సారు నుంచి మేనేజరు దాకా. చుట్టూ జనం ప్లేట్లు పట్టుకుని నిలబడి తింటున్నారు. ఆమె దోసె తుంచడం మానేసి, ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ విన్నది.

"మొత్తం ఎంత తేడా?"

"ఏడాది నాలుగు నెలలు."

"మేనేజర్‌కు ఎప్పుడు చెప్పినవ్?"

"సంతకం పెట్టే ముందు."

"ఆయనకు చెప్పినవ్. కింద నేను చాయ్ పట్టుకోని నిలబడ్డ. నాకు చెప్పలే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మెల్లగా, లెక్క చెప్పినట్టు చెప్పింది.

"స్టేట్ టీంల ప్లేస్ పోయినందుకు గాదే నాకు. గది పోతె పోయె. ఆ దినం నిన్ను చూసిన. నాకంటె నాలుగు నెలలు చిన్నది, గింత బలమున్నది, నేను రెండు దినాలు తోసినా కదలలే. నా ఈడు పిల్లలు గిట్లుంటే ఇగ ఫార్వర్డ్ నాతోటి కాదు అనుకున్న. ఇంటికి పోయి బాపుకు చెప్పిన, నాకు బలం లేదని. అప్పట్సంది రింగు కిందికి పోలే. నాకు ఫార్వర్డ్ అంటె పానం. నిన్ను చూసి ఇడిసిన. అక్టోబర్ అనేది లేనే లేదంటున్నవ్ ఇప్పుడు."

చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నేను ఆమె చోటు తీసుకున్నానని ఏడేళ్లుగా కుమిలిపోయాను. తీసుకున్నది చోటు ఒక్కటే కాదని ఆ రోజు దాకా నాకు తట్టనేలేదు.

మళ్లీ జూలై వచ్చింది. కాగితం మీద నాకు ఇంకా ఇరవై రెండే. అదే చోటుకు మళ్లీ సంతకం పెట్టమన్నారు. నేను కోచ్ మేడం దగ్గరికి వెళ్లి పెట్టనన్నాను, ఎందుకో చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా? సీజన్ ముందు ఫార్వర్డ్‌ని ఎక్కడ తేనమ్మా?" అంది. "బాలానగర్ అమ్మాయిని పిలవండి మేడం. ఆమె అసలు ఫార్వర్డే. ఒక్కసారి చూడండి," అని బతిమాలాను. ఆవిడ అప్పటికప్పుడు ఫోన్ చేసింది. ఫార్వర్డ్ కావాలి, సర్టిఫికెట్లతో రేపు మధ్యాహ్నం రమ్మంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మర్నాడు ఆమె ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, బూట్లు వేసుకుంది. గ్యాలరీలో కూర్చుని చూశాను. ఈ అయిదు నెలలూ ఎక్కడో రోజూ ఆడుతోందని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. భుజాలు నిండాయి. పోయిన ఏడాది జట్టులో ఉన్న పొడుగాటి పిల్ల వెనక నుంచి తోస్తుంటే నడుము అడ్డం పెట్టి నిలబడింది, కదల్లేదు. బంతి రింగుకు తగిలి వచ్చిన ప్రతిసారీ కింద ఆమె ఉంది. కోచ్ మేడం కాగితం పక్కన పెట్టేసి చేతులు కట్టుకుని చూస్తోంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, నా సొంత ట్రయల్స్‌లో కూడా అంత కొట్టుకోలేదు. ఆట అయ్యాక మేడం, "ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా?" అంది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

మేనేజరు ఆమె మెమో తీసుకుని కంప్యూటర్లో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "మేడం, ఈ అమ్మాయికి ఇరవై మూడు నిండిపోయాయి. జూన్ ఇరవై. కట్-ఆఫ్‌కి పదకొండు రోజులు దాటింది."

నేను ఆ లెక్క చూసుకోలేదు. కాగితం మీద ఒక ఈడువాళ్లం కదా, నాకు పనికొచ్చింది ఆమెకూ పనికొస్తుందనుకున్నాను. నా వయసు కదలకుండా ఫైల్లో పడి ఉంటే, ఆమెది రోజూ నడుస్తూనే ఉందన్న సంగతి మర్చిపోయాను.

"మిగతా పది చోట్లలో?" అంది కోచ్ మేడం.

"అన్నీ సైన్ అయిపోయాయి మేడం." మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆమె ఆట ఆయనా చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, "వేరే సర్టిఫికెట్ ఏదైనా ఉందా అమ్మా? ఇంకో డేట్ ఉన్నది? పదకొండు రోజులే కదా, ఏదో ఒకటి చేద్దాం," అన్నాడు.

ఆమె నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"లేదు సార్. నేను ఒక్కసారే పుట్టిన," అంది.

మెమో తీసుకుని, నలగకుండా ఫైల్లో పెట్టుకుని, మేడంకు నమస్కారం చేసి బయటికి నడిచింది. నేను లిఫ్టు దాకా వెంటపడి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. క్షమించమన్నాను. ఆమె ఐడీ కార్డు మెడలో వేసుకుంటూ ఫోన్‌లో టైం చూసుకుంది. ఆమె లంచ్ ఎప్పుడో అయిపోయింది, వెళ్లి సీట్లో కూర్చోవాలి.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

"జర జరుగు," అంది. నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను.